రోజుకో తీరుగా వచ్చే అలలకు ఏ సర్ఫ్‌బోర్డు కొనాలి?

ప్రశ్న:

అన్నా, నమస్తే. నేను సర్ఫింగ్ మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. బరువు 72 కిలోలు, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. ఇప్పటిదాకా 8 అడుగుల సాఫ్ట్‌టాప్ (పైన మెత్తటి ఫోమ్ పొర ఉండే బోర్డు) మీదే నేర్చుకున్నాను. నురుగులో నిలబడే దశ దాటాను. ఇంకా విరగని అలని పట్టుకుని దాని వెంట పక్కకి సాగిపోవడం వస్తోంది. బోర్డుని గట్టిగా తిప్పడం మాత్రం ఇంకా రాలేదు. నేను దిగే చోట అడుగంతా ఇసుకే. వారంలో ఎక్కువ రోజులు అల నడుం దాకా వస్తుంది, అందులో బలం ఉండదు, పొద్దెక్కేసరికి గాలి లేచి నీళ్ళు చిందరవందర అయిపోతాయి. ఏడాదిలో కొన్ని వారాలు మాత్రం భుజం ఎత్తు, ఒక్కోసారి తల ఎత్తు అలలు వచ్చి నిట్టనిలువుగా విరుగుతాయి. ఇసుక మేటలు కూడా ఒకచోట ఉండవు. ఇప్పుడు ఒక బోర్డు కొనడానికి సరిపడా డబ్బు కూడబెట్టాను. తోటివాళ్ళు 6 అడుగుల షార్ట్‌బోర్డు (పొట్టి, సన్న బోర్డు) కొను, అదే నేర్పిస్తుంది అంటున్నారు. వీడియోల్లో చిన్న అలలకి ఫిష్ అనే పొట్టి, వెడల్పు బోర్డు అంటున్నారు. అమ్మేవాళ్ళు మధ్యరకం పొడవుండే మిడ్‌లెంగ్త్ చూపిస్తున్నారు. అన్ని అలలకీ పనికొచ్చే బోర్డు ఒకటి ఉంటుందా? ఇప్పుడు తప్పు కొంటే రెండేళ్ళు దానితోనే ఉండాలి, అదే నా టెన్షన్.

జవాబు:

తమ్ముడూ, ముందు నీ ఆఖరి ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను. అన్ని అలలకీ సమానంగా పనికొచ్చే బోర్డు లేదు. అయితే నీ వారంలో ఎక్కువ రోజులు నీకు అలలు పట్టించి, పెద్ద రోజుల్లో కొన్నింటికి కూడా సరిపోయే బోర్డు ఉంది. నా లెక్కలో అది 7 అడుగులకి కాస్త అటూ ఇటూ ఉండే మిడ్‌లెంగ్త్, వాల్యూమ్ (ఘనపరిమాణం) 45 నుంచి 50 లీటర్ల మధ్య. ఎందుకో వివరంగా చెబుతాను. కారణం తెలిస్తే రేపు కొట్లో వరసగా నిలబెట్టిన బోర్డుల ముందు నీకు నువ్వే తేల్చుకోగలవు, ఎవరి మాటా అరువు తెచ్చుకోనక్కర్లేదు.

నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది "వారంలో ఎక్కువ రోజులు నడుం దాకా వస్తుంది" అన్న మాట. నాకు ఉత్తరాలు రాసేవాళ్ళలో చాలామంది ఆ మాట రాయరు. తాము చూసిన గొప్ప రోజు గురించి రాస్తారు, ఆ రోజుకి తగ్గ బోర్డు అడుగుతారు. ఆ బోర్డు ఏడాదిలో పది రోజులు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మిగతా రోజుల్లో దాని మీద బోర్లా పడుకుని, తమ కింద నుంచి జారిపోతున్న అలల్ని చూస్తూ ఉంటారు. బోర్డు కొనాల్సింది నువ్వు నిజంగా నీళ్ళలో దిగే రోజుల కోసం. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

అందుకే, డబ్బు చేతిలో ఉన్నా సరే, ఒక్క నెల ఆగు. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. తీరానికి వెళ్ళిన ప్రతిసారీ ఇవి రాయి: అల నీ ఒంటి మీద ఎక్కడిదాకా వచ్చింది, ఒక అలకీ ఇంకో అలకీ మధ్య ఎన్ని సెకన్లు, గాలి ఎటు నుంచి ఎటు, సముద్రం పోటులో ఉందా ఆటులో ఉందా, నువ్వు పట్టిన అలలెన్ని. దిగకుండా తిరిగి వచ్చేసిన రోజులు కూడా రాయి, ఎందుకు వచ్చేశావో కూడా రాయి. మనకి గుర్తుండిపోయేది పెద్ద రోజే కాబట్టి జ్ఞాపకం మీద ఆధారపడితే లెక్క తప్పుతుంది.

సెకన్లు ఎందుకు లెక్కపెట్టమన్నానో చెప్పాలి. అందరూ అల ఎత్తు గురించే మాట్లాడతారు కానీ, బోర్డు ఎంపికలో ఎత్తు ఎంత ముఖ్యమో అలల మధ్య వ్యవధి కూడా అంతే ముఖ్యం. వాతావరణ సూచనల్లో దీన్నే పీరియడ్ అంటారు. దగ్గరలో వీచిన గాలికి లేచిన అలలు 6, 7 సెకన్లకి ఒకటి చొప్పున వస్తాయి. ఎక్కడో దూరాన తుఫానులో పుట్టి వందల, వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన స్వెల్ 12, 14 సెకన్లకి ఒకటి చొప్పున వస్తుంది. లోతు నీళ్ళలో అల పొడవు వ్యవధి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 7 సెకన్ల అల పొడవు దాదాపు 76 మీటర్లు. 14 సెకన్లదైతే దాదాపు 306 మీటర్లు. వ్యవధి రెట్టింపైతే పొడవు నాలుగింతలన్నమాట. అల తన పొడవులో సగం లోతుకి వచ్చేసరికి దానికి నేల తగలడం మొదలవుతుంది. అంటే మొదటిదానికి 38 మీటర్ల లోతులో, రెండోదానికి 150 మీటర్ల లోతులోనే నేల తెలుస్తుంది. ఆ పొడవాటి అల ఒడ్డుకి వచ్చేకొద్దీ నెమ్మదిస్తూ, పోగవుతూ, లోతు నీళ్ళలో ఉన్నప్పటికంటే బాగా ఎత్తుకి లేస్తుంది. అందుకే సూచనలో రెండు రోజులకీ "1 మీటరు" అనే ఉన్నా ఒక రోజు నువ్వు నడుం లోతు నీళ్ళలో ఆడుకుంటావు, ఇంకో రోజు బయటికి వెళ్ళడానికే చేతులు పడిపోతాయి. ఎత్తు ఒకటే అయినప్పుడు 14 సెకన్ల అల మోసుకొచ్చే శక్తి 7 సెకన్లదానికి రెట్టింపు.

బోర్డుకి దీనితో ఏం పని అంటావా? బలం ఉన్న అల బోర్డుని తనే తోస్తుంది. అప్పుడు చిన్న బోర్డు, సన్న బోర్డు కూడా చాలు, ఎందుకంటే వేగం అల నుంచే వస్తుంది. బలం లేని అలకి ఆ వేగం నువ్వూ నీ బోర్డూ కలిసి తెచ్చుకోవాలి. అంటే ప్యాడ్లింగ్‌లోనే, బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోసేటప్పుడే, ముందుగా వేగం అందుకోవాలి, అల మెత్తబడిన చోట కూడా ఆగకుండా జారిపోవాలి. ఆ జారే గుణం పొడవు నుంచి, వెడల్పు నుంచి, అడుగుభాగం చదునుగా ఉండటం నుంచి వస్తుంది. ఇందులో బోర్డు బరువుది కూడా కొంత పాత్ర. కదలడం మొదలుపెట్టాక కాస్త బరువున్న బోర్డు అంత త్వరగా ఆగిపోదు.

ఇసుక అడుగు సంగతి కూడా ఇక్కడే చెప్పుకుందాం. నీటి లోతు అల ఎత్తుకి సుమారు 1.3 రెట్లకి తగ్గినప్పుడు అల విరుగుతుంది. రాతి అడుగున్న చోట, రీఫ్ (నీటి అడుగున ఉండే రాతి లేదా పగడపు దిబ్బ) ఉన్న చోట ఆ అడుగు కదలదు కాబట్టి అల ఎప్పుడూ దాదాపు ఒకే చోట, ఒకే తీరులో విరుగుతుంది. ఇసుక అలా కాదు. ఒక పెద్ద స్వెల్ వచ్చి వెళ్ళిందంటే మేట పక్కకి జరిగిపోతుంది, గండి పడుతుంది, నిన్నటిదాకా చక్కగా కుడికి సాగిన అల ఇవాళ ఒక్కసారిగా పొడవునా కూలిపోతుంది. పోటులో అదే మేట మీద నీళ్ళు ఎక్కువై అల మెత్తగా, లావుగా వస్తుంది. ఆటులో నీళ్ళు తగ్గి నిలువుగా లేచి దబ్బున పడుతుంది. నీకు రోజుకో తీరుగా కనిపించేది ఇదే. ఒక్క పూటలోనే రెండు రకాల అలలు వచ్చేది కూడా ఇందుకే. కాబట్టి నీ బోర్డుకి కావలసింది మెత్తటి అలలో వేగం, నిలువు అలలో ముక్కు గుచ్చుకోకుండా దిగే ఓర్పు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు తగిలే గుణాలు. ఎంత ఇటు, ఎంత అటు అన్నదే ఎంపిక.

ఇక లీటర్లు. బోర్డు మొత్తం ఘనపరిమాణాన్ని లీటర్లలో చెబుతారు. ఈమధ్య చేసిన బోర్డుల మీద ఆ అంకె రాసే ఉంటుంది. నేర్చుకునేవాళ్ళకి తమ బరువు ఎన్ని కిలోలో కనీసం అన్ని లీటర్లు ఉంటే సుఖం. అందుకే నీ 8 అడుగుల సాఫ్ట్‌టాప్ 80 లీటర్లకి అటూ ఇటూగా ఉండి నిన్ను ఇంతకాలం మోసింది. ఏళ్ళ తరబడి సర్ఫ్ చేసి, ఒడుపు బాగా పట్టినవాళ్ళు కిలోకి 0.4 లీటర్ల దగ్గర ఆగుతారు. నీ తోటివాళ్ళు చూపిస్తున్న 6 అడుగుల షార్ట్‌బోర్డు మామూలు కొలతల్లో 28 లీటర్లకి దగ్గరగా ఉంటుంది. అది నీ బరువుకి కిలోకి 0.4 కన్నా తక్కువ. అంటే వాళ్ళు నిన్ను 80 నుంచి ఒకేసారి 28కి దిగమంటున్నారు. మధ్యలో ఉన్న మెట్లన్నీ వదిలేసి దూకమన్నట్టే. నీ స్థాయిలో కిలోకి 0.6 నుంచి 0.7 లీటర్లు సరైన చోటు. 72ని దానితో గుణిస్తే 43 నుంచి 50 వస్తుంది. నువ్వు దిగే నీళ్ళలో బలం తక్కువని నువ్వే చెప్పావు కాబట్టి నేను పైభాగం వైపే మొగ్గు చూపుతాను.

ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. నా రెండో ఏడాదిలో నేను సరిగ్గా ఆ దూకుడే దూకాను. 6 అడుగుల 1 అంగుళం, 29 లీటర్లు, మొనదేలిన ముక్కు, అందమైన బోర్డు. నాకు అమ్మినాయన నా బరువు అడిగారు గానీ, ఏ అలల్లో దిగుతావని అడగలేదు. నాకూ చెప్పాలని తోచలేదు. అంతకు ముందు పూటకి పదిహేను, ఇరవై అలలు పట్టేవాణ్ణి. ఆ బోర్డు మీద రెండు, మూడు. అల నన్ను తోసే సమయానికి అది అప్పటికే నిలువుగా అయిపోయేది, లేచి నిలబడేంత వ్యవధి ఉండేది కాదు. సుమారు ఎనిమిది నెలలు అలా గడిచాయి. లోపం నాలోనే ఉందనుకుని ఇంకా కష్టపడ్డాను. ఒక రోజు ఒక పెద్దాయన తన 7 అడుగుల బోర్డు ఇచ్చి ఒక్క గంట వాడి చూడమన్నారు. ఆ గంటలో పదకొండు అలలు పట్టాను. ఆ రోజు నీళ్ళ లోంచి బయటికి వచ్చినప్పుడు నాకు సంతోషం కంటే, పోయిన ఎనిమిది నెలల గురించి బాధే ఎక్కువ కలిగింది. సర్ఫింగ్‌లో నేర్చుకోవడం అంటే అల మీద నిలబడి గడిపిన సెకన్లే. అల పట్టని బోర్డు ఏమీ నేర్పించలేదు. షార్ట్‌బోర్డు నేర్పిస్తుందని నీ తోటివాళ్ళు అంటున్నది అబద్ధమేమీ కాదు, కానీ అది అలలు పట్టడం వచ్చినవాళ్ళకి నేర్పిస్తుంది.

లీటర్లు తేలాయి కదా అని అక్కడితో ఆగిపోకు. చాలామంది ఇక్కడే పొరబడతారు. 47 లీటర్లని 6 అడుగుల 2 అంగుళాల పొట్టి, లావు బోర్డులోనూ కూరవచ్చు, 7 అడుగుల 2 అంగుళాల బోర్డులో పరచవచ్చు కూడా. అంకె ఒకటే, బోర్డులు పూర్తిగా వేరు. పొట్టిగా, మందంగా ఉన్నది నీళ్ళ మీద బిరడాలా తేలుతుంది. దాని అంచులు మందంగా ఉండటం వల్ల మలుపులో అవి నీళ్ళలో దిగవు, నువ్వు ఎంత ఒరిగినా బోర్డు వినదు. అదే పరిమాణం పొడవునా పరచుకుంటే అంచులు సన్నగా ఉండే వీలుంటుంది, ప్యాడ్లింగ్‌లో గీత గీసినట్టు నేరుగా వెళుతుంది, అలని ముందుగా అందుకుంటుంది. నువ్వు ఇంకా గట్టి మలుపులు మొదలుపెట్టలేదు కాబట్టి, ఒరిగితే వినే అంచు నీకు ఇప్పుడే కావాలి. మధ్యలో మందం 2¾ అంగుళాల దగ్గర ఉండి, అంచు దగ్గరికి వచ్చేసరికి సన్నబడే బోర్డు వెతుకు. కొట్లో రెండు బోర్డుల అంచుల్ని రెండు చేతులతో పట్టుకుని చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

వెడల్పు 21 అంగుళాల చుట్టూ ఉండనీ. ఎక్కువ వెడల్పున్న చోటు బోర్డు మధ్యకి కాస్త ముందు, అంటే ఛాతీ కింద ఉంటే ప్యాడ్లింగ్ తేలికవుతుంది.

తర్వాత రాకర్. బోర్డుని పక్క నుంచి చూస్తే ముక్కు నుంచి తోక దాకా కనిపించే వంపు ఇది. నీ ఎంపికలో లీటర్ల తర్వాత నేను అన్నిటికంటే ఎక్కువగా చూసేది దీన్నే. చదునైన బోర్డు మెత్తటి అలలో రివ్వున పోతుంది, నిలువు అలలో దిగేటప్పుడు ముక్కు నీళ్ళలో గుచ్చుకుని నిన్ను ముందుకి విసిరేస్తుంది. బాగా వంపున్న బోర్డు నిలువు అల వంపులో ఇమిడిపోతుంది, కానీ మెత్తటి అలలో నీళ్ళని తోసుకుంటూ పోవాల్సి రావడంతో వేగం అందుకోదు. నీకు కావలసింది మధ్యభాగం చదునుగా, ముక్కు దగ్గర చివరి అడుగున్నరలో మాత్రం కొంచెం పైకి లేచి, తోక దగ్గర స్వల్పంగా వంగిన బోర్డు. నేల మీద పెట్టి, పక్కన కూర్చుని, కంటిని బోర్డు ఎత్తుకి దించి చూడు. రెండు మూడు బోర్డుల్ని అలా పక్కపక్కన చూస్తే ఏది చదునో, ఏది వంపో కన్నే చెబుతుంది. దీనికి లీటర్ల లాంటి ఒక్క అంకె లేదు కాబట్టి ఎవరూ బోర్డు మీద రాయరు, అందుకే కొనేవాళ్ళు మర్చిపోతారు.

తోక గుండ్రంగా ఉంటే మంచిది. చిన్న అలలో సాఫీగా తిరుగుతుంది, పెద్ద రోజున పట్టు ఇస్తుంది.

ఫిష్ మాటేమిటని అడుగుతావని తెలుసు. నాకు ఫిష్ అంటే చాలా ఇష్టం, నా దగ్గర ఒకటి ఉంది కూడా. స్టీవ్ లిస్ అనే ఆయన 1967లో శాండియాగోలో దాన్ని మోకాళ్ళ మీద కూర్చుని సర్ఫ్ చేయడానికి చెక్కుకున్నారు. అందుకే అది పొట్టిగా, వెడల్పుగా, చదునుగా, చేప తోకలా చీలి ఉంటుంది. చిన్న అలలో దానికుండే వేగం నిజమే, వీడియోలు అతిశయంగా ఏమీ చెప్పడం లేదు. కానీ 5 అడుగుల 8 అంగుళాల ఫిష్ సాధారణంగా 35 లీటర్ల దగ్గరే ఉంటుంది. అంటే మళ్ళీ నీ లెక్క కిందికి పడిపోతుంది. పైగా లేచి నిలబడేటప్పుడు పాదాలు సరిగ్గా సరైన చోట పడాలి, పొట్టి బోర్డులో ఆ చోటు చాలా చిన్నది. నీ రెండో బోర్డుగా, ఇంకో ఏడాదిన్నర తర్వాత, మనస్ఫూర్తిగా ఫిష్‌నే చెబుతాను. మొదటిదిగా వద్దు.

బోర్డు అడుగున తోక దగ్గర బిగించే చిన్న పలకల్ని ఫిన్‌లు అంటారు. వాటి సంగతి ఇంత వివరంగా చెప్పడానికి ఒక కారణముంది. ఒక్క బోర్డుని రెండు, మూడు బోర్డుల్లా వాడుకునే మార్గం అదొక్కటే. 1935లో టామ్ బ్లేక్ అనే అమెరికన్ సర్ఫర్ బోర్డు అడుగున మొదటిసారి ఫిన్ బిగించేదాకా సర్ఫర్లు కాలు నీళ్ళలో ఈడ్చి దిశ మార్చుకునేవాళ్ళు. ఒక చిన్న పలక బోర్డు స్వభావాన్నే మార్చేసింది. ఆ తర్వాత ఆస్ట్రేలియా సర్ఫర్ మార్క్ రిచర్డ్స్ రెండు ఫిన్‌ల బోర్డు మీద 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగుసార్లు ప్రపంచ విజేత అయ్యారు. రెండు ఫిన్‌లు వేగంగా, వదులుగా ఉంటాయి. అయితే అదే రకం బోర్డు ఇంకో ఆస్ట్రేలియా సర్ఫర్ సైమన్ ఆండర్సన్ లాంటి భారీ మనిషి కింద బలమైన అలలో పట్టు తప్పి జారిపోయేది. ఆయన మధ్యలో మూడోది చేర్చి, 1981లో ఆస్ట్రేలియాలోని బెల్స్ బీచ్ పోటీ పెద్ద అలల్లో గెలిచారు. ఇవాళ్టి షార్ట్‌బోర్డుల్లో ఎక్కువ వాటికి మూడు ఫిన్‌లు ఉండటానికి మూలం అదే. అల బలాన్ని బట్టి, మనిషి బరువుని బట్టి ఫిన్‌లు మారాలని ఆ ఇద్దరి అనుభవమే చెబుతోంది.

నీ బోర్డుకి టూ ప్లస్ వన్ అమరిక అడుగు. అంటే మధ్యలో ముందుకీ వెనక్కీ జరిపే వీలున్న పొడవాటి గాడి, అటూ ఇటూ రెండు చిన్న ఫిన్‌లకి చోటు. మెత్తటి, చిన్న అలల రోజున పక్క ఫిన్‌లు తీసేసి, మధ్యలో 7 లేదా 8 అంగుళాల ఫిన్ ఒక్కటే పెట్టు. నీటి ఒరిపిడి తగ్గి బోర్డు సాఫీగా జారుతుంది. అల నిలువుగా, బలంగా ఉన్న రోజున పక్క ఫిన్‌లు బిగించి, మధ్య ఫిన్‌ని గాడిలో వెనక్కి జరుపు, పట్టు పెరుగుతుంది. తిప్పడం సాధన చేసే రోజున అదే ఫిన్‌ని ఒక అంగుళం ముందుకి జరిపి చూడు, బోర్డు తేలిగ్గా తిరుగుతుంది. ఒకేసారి ఒక్కటే మార్చు, మార్చింది నోట్‌బుక్‌లో రాసుకో. రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. మరను బిగించే చిన్న తాళం చెవి ఎప్పుడూ సంచిలో ఉండాలి, తీరం దగ్గర అది లేకపోతే ఈ లాభమంతా పోతుంది.

బోర్డు దేనితో చేశారన్నది కూడా చూడాలి. పాలీయురితేన్ ఫోమ్ మీద పాలిస్టర్ రెసిన్ పూసినవి కాస్త బరువుగా ఉంటాయి. గాలికి చిందరవందర అయిన నీళ్ళ మీద అవి ఎగరకుండా కోసుకుంటూ పోతాయి. ఈపీఎస్ ఫోమ్ (థర్మోకోల్ లాంటిది) మీద ఎపాక్సీ రెసిన్ పూసిన బోర్డులు తేలికగా, గట్టిగా ఉంటాయి, కానీ గతుకుల నీళ్ళలో ఎగిరెగిరి పడుతున్నట్టు అనిపిస్తాయి. పైగా ఈపీఎస్ బోర్డుకి చిల్లు పడితే నీళ్ళు లోపలికి వేగంగా పీల్చుకుంటుంది, ఆ క్షణమే బయటికి రావాలి. నీకు పొద్దెక్కాక గాలి ఎక్కువ అన్నావు కాబట్టి మొదటి రకం వైపే నా ఓటు. ఏది కొన్నా మూసిన కారులో ఎండకి వదిలేయకు. లోపల వేడెక్కి ఫోమ్ నుంచి పైపొర ఊడిపోతుంది.

వాడిన బోర్డు దొరికితే సందేహించకు, నీ డబ్బులో ఇంకా మంచి బోర్డు వస్తుంది. కాకపోతే బొటనవేలితో పైపొరంతా నొక్కుకుంటూ వెళ్ళు, ఎక్కడైనా మెత్తగా దిగితే అక్కడ పొర ఊడిందని అర్థం, అది వదిలేయ్. ఫిన్‌లు బిగించే గాళ్ళ చుట్టూ, లీష్ (బోర్డుని నీ కాలికి కట్టే తాడు) కట్టే చోట చీలికలు చూడు. ఎండకి పసుపు రంగు తిరగడం మాత్రం పెద్ద లోపం కాదు. మోస్తే ఉండాల్సినదానికన్నా బరువుగా అనిపించిందంటే లోపల నీళ్ళు చేరి ఉంటాయి.

ఇక నీ పెద్ద రోజులు. ఇక్కడ దాచకుండా చెప్పాలి. 47 లీటర్ల బోర్డుని ఎదురొచ్చే అల కిందికి ముంచి దాటడం నీ బరువుకి కష్టం. అల మీద పడేలోపు బోర్డు అంచులు గట్టిగా పట్టుకుని, నువ్వు కిందికి, బోర్డు పైకి వచ్చేలా తిరగబడే పద్ధతి ఉంది కదా, టర్టిల్ రోల్, అది బాగా సాధన చేయి. భుజం ఎత్తు దాకా అది చాలు. అల నేరుగా నిలువుగా పడుతున్న చోట కాకుండా, కొంచెం పక్కకి, అల భుజం (ఇంకా విరగని పక్కభాగం) మెత్తగా ఉన్న చోట కూర్చుని, కోణంలో దిగు. 7 అడుగుల బోర్డుని నేరుగా కిందికి దించితేనే ముక్కు గుచ్చుకుంటుంది. పక్కకి తిప్పి దిగితే అంచు నీళ్ళని పట్టుకుంటుంది. తల ఎత్తు దాటి పొడవునా కూలిపోయే రోజున, ఈ ఏడాదికి ఒడ్డున కూర్చుని చూడు. అక్కడ బోర్డు సరిపోలేదన్నది రెండో విషయం. నువ్వు ఒక్కడివే అయినా సరే, పక్కన పదిమంది ఉన్నా సరే, పెద్ద బోర్డు చేజారితే ఎవరికి తగిలినా గట్టి దెబ్బే. నురుగు వస్తోందని బోర్డు వదిలేసి నీళ్ళలో మునిగే అలవాటు సాఫ్ట్‌టాప్ మీద చాలామందికి వస్తుంది. నీకూ ఉంటే గట్టి బోర్డు ఎక్కే ముందే అది మానాలి. లీష్ పొడవు బోర్డు పొడవుకి సమానంగా, అంటే 7 అడుగులది తీసుకో. 6 అడుగులది పెడితే బోర్డు ఎగిరి నీ మీదికే వస్తుంది.

నీ పాత సాఫ్ట్‌టాప్‌ని అమ్మేయాలని అనిపిస్తుంది, కొత్తదానికి డబ్బు కలుస్తుందని. నా మాట విని ఉంచుకో. తొడల దాకా కూడా రాని అలలున్న రోజులు నీ నోట్‌బుక్‌లో కచ్చితంగా కనిపిస్తాయి. ఆ రోజుల్లో ఆ 80 లీటర్లకి మించినది లేదు. అప్పుడు నీ చేతిలో రెండు బోర్డులున్నట్టే.

కొనే ముందు ఇంకొక్కటి. ఇలాంటి బోర్డు అద్దెకి దొరికినా, తోటివాళ్ళు ఒక పూట ఇచ్చినా, మంచి రోజున తీసుకోకు. నడుం ఎత్తు, 7 సెకన్లు, గాలి లేచిన నీళ్ళు ఉన్న మామూలు రోజున తీసుకో. గంటలో ఎన్ని పట్టావో లెక్కపెట్టి, తర్వాతి గంట నీ సాఫ్ట్‌టాప్ మీద లెక్కపెట్టు. కొత్తదాని మీద సాఫ్ట్‌టాప్ లెక్కలో మూడింట రెండు వంతులు వచ్చినా అది నీ బోర్డే, మిగతాది రెండు నెలల్లో వచ్చేస్తుంది. సగానికన్నా తక్కువైతే ఇంకో రెండు అంగుళాలు పొడవు, ఇంకో రెండు మూడు లీటర్లు పెంచుకో.

నెల నిండాక ఆ నోట్‌బుక్ లెక్కలు నాకు రాసి పంపు తమ్ముడూ. నడుం ఎత్తు రోజులు ఎన్ని, భుజం ఎత్తు రోజులు ఎన్ని అన్నది చూస్తే 6 అడుగుల 10 అంగుళాలా, 7 అడుగుల 4 అంగుళాలా అన్నది కూడా కచ్చితంగా చెప్పగలను.